ఊరికి పరామర్శ

పోర్టు కోసం మా ఊరు ఖాళీ చేయించి, టెక్కలి పక్కన కాలనీలో ఇళ్లిచ్చారు. గోడలకు కొత్త సున్నం, కుళాయిలో నీళ్లు, ఏం తక్కువ? మా అత్త దాలమ్మకు మాత్రం అన్నం సయించడం లేదు. ముద్ద నోట్లో పెట్టుకుని అలాగే కూర్చునేది. ఊరి మాట ఎత్తితే ఒకటే జవాబు: "వచ్చే నెల ఎల్దుం లేవే." ఏ ఊరికి? జీడితోటలు నరికేశారు, ఇళ్లు నేలమట్టం చేశారు. నాకు ఒళ్లు మండేది, వెంటనే జాలేసేది.

ఎవరో సంస్థ వాళ్లు వచ్చి, మనసు బాగోలేనివాళ్ల కోసమని నా ఫోన్లో ఒక యాప్ వేశారు. నొక్కితే తీయటి గొంతు పలికింది. "కళ్లు మూసుకోండి. మీకు ఎంతో ఇష్టమైన చోటును ఊహించుకోండి." అత్త మూసుకుంది. చాలాసేపు తెరవలేదు. తెరిచాక, "దీన్ని అవతల పడీయే" అంది. ఆ పూట మంచినీళ్లు కూడా ముట్టలేదు. నేను వాళ్లకు ఫోన్ చేసి చెడామడా తిట్టాను. ఊరు పోగొట్టుకున్న మనిషిని ఊరే తలుచుకోమంటారా, బుద్ధుందా అని.

ఆ వారంలోనే వాళ్ల కౌన్సెలర్ భవ్యశ్రీ ఫోన్ చేసింది. మా జిల్లా కవిటి పిల్ల, మా యాసే. అత్తకు వినబడేలా స్పీకర్ పెట్టాను.

"పిన్నీ, ఊరు పోనాదని తెలిసినాది. పరామర్శకొచ్చినాననుకో. ఎలా జరిగినాది?"

చావింట్లో అడిగే మాట అది. అత్త చెప్పడం మొదలెట్టింది, సర్వే రాళ్లు పాతిన నాటి నుంచి జేసీబీ మా వీధిలోకి వచ్చిన పొద్దు దాకా.

"మా పెరట్లో పనసచెట్టు... కాయల్తోనే కూల్సీసినారు. ఇంకా పండనైనా లేదు తల్లీ!"

"అయ్యో పిన్నీ" అంటూ ఆ పిల్ల వింటోంది. నాకు జీడిపూత వాసన కావాలనిపించింది. పొద్దున్నే లేవగానే వినిపించే సముద్రపు హోరు కావాలనిపించింది. ఎంతగానో చెప్పలేను.

చెప్పడం అయిపోయింది. ఫోన్లో చప్పుడు లేదు.

"సిగ్నల్ పోయినట్టుంది. మళ్లీ సెయ్యనా అత్తా?" అన్నాను.

"సిగ్నల్ కాదే. ఆ పిల్లే ఎల్లిపోనాది. చావింటికొచ్చినోలు ఎల్లొత్తామని సెప్తారేటి?"

తన మాట తనకే వినబడినట్టు ఆగింది. "అయితే ఊరు పోనాదేటే?" అని నా మెడ పట్టుకుని, రాగం తీసి ఏడవడం మొదలెట్టింది. నేనూ ఆపుకోలేదు.

ఏడుపు విని పక్కింటి నాగమణి వదిన పరిగెత్తుకొచ్చింది. ఆమెదీ మా ఊరే.

"ఎవులే, ఎవులు పోనారు?"

అత్త మా ఊరి పేరు చెప్పింది. వదిన గుమ్మంలోనే చతికిలబడి, కొంగు నోట్లో కుక్కుకుంది.