తాతకొక్కడికే తెలిసిన మాటలు

పలమనేరు పశువుల సంతలో మునస్వామి చెయ్యి తువ్వాలు కిందికి పోయిందంటే బేరం తేలేదాకా బయటికి రాదు. దళారీలు ధర నోటితో చెప్పరు. గుడ్డ కింద చేతిలో చెయ్యి పెట్టి వేళ్లు నొక్కుతారు. చుట్టూ యాభై మంది నిలబడినా ఎవరికీ అంతు చిక్కదు. నలభై ఏళ్లుగా ఆయన పని అదే.

ఆ విద్య ఇంట్లో ఒక్కరికే అబ్బింది. మనవరాలు ఐశ్వర్యకు మూడున్నరేళ్లు. నోట ఒక్క మాట రాదు. ఏం కావాలన్నా తాత చేతిలో వేళ్లు నొక్కుతుంది. ఏ నొక్కుకు ఏం అర్థమో ఆయనకొక్కడికే తెలుసు.

ఆ ఉదయం ఇంట్లో గొడవ అయింది.

"రేపు చిత్తూరులో స్పీచ్ థెరపీ మేడమ్ దగ్గర టైము తీసుకున్నా మామా," అంది కోడలు కోమలి. "పాపకు అవసరమో కాదో సూసి చెప్తాది. సాయంత్రం అయిదులోపల వస్తామో రామో చెప్పాల."

"ఎందుకంట? నీ మొగుడు నాలుగేండ్లకు గానీ నోరు తెరవలే. ఇప్పుడు మూయమన్నా మూస్తాండాడా?"

"అందరికీ అట్లే వస్తాదా? సూపిస్తే ఏం పోతాది?"

"మూగపిల్లని పేరు పడతాది. అదే పోతాది. పాప నాతో మాట్లాడతానే ఉండాది. నీకు అర్థం కాకుంటే దాని తప్పా?"

కోమలి ముఖం వాడిపోయింది. "పొద్దంతా పాప మీ దగ్గరే ఉంటాది. మేడమ్ చెప్పినవి ఇంట్లో చేయించాల్సింది మీరే. మీరు ఒప్పుకోకుంటే నేను పోయి ఏం లాభం? వద్దని ఫోన్ చేసేస్తాలే." క్యారియర్ తీసుకుని పాలకేంద్రానికి డ్యూటీకి వెళ్లిపోయింది. పాపను ముద్దు కూడా పెట్టుకోలేదు.

మధ్యాహ్నం మూడింటికి సంతలో పాపను పక్కన నిలబెట్టుకుని మునస్వామి మంచి బేరంలో ఉన్నాడు. జత ఆవుల కోసం గూడూరు నుంచి వచ్చిన గిరి చెయ్యి తువ్వాలు కింద ఆయన చేతిలో ఉంది. ఐశ్వర్య వచ్చి తువ్వాలు లాగింది. బేరం మధ్యలో మూడో చెయ్యి గుడ్డను తాకితే బేరం చెడినట్టే. ఆయన మోచేత్తో పక్కకు తోశాడు. మళ్లీ లాగింది. మళ్లీ తోశాడు.

మూడోసారి లాగలేదు.

బేరం కుదిరింది. తువ్వాలు దులిపి వెనక్కి తిరిగాడు. పాప లేదు.

"ఐశూ!"

ఆవులు, పగ్గాలు, వెనక్కి తిరుగుతున్న టెంపోలు. ఆయన ఇంకా గట్టిగా అరిచాడు. అప్పుడు తట్టింది. వినిపించినా పాపకు పలకడం రాదు. 'తాతా, ఈడుండా' అనడం రాదు. ఎదురైనవాళ్లనల్లా అడిగాడు.

టీ కొట్టు పోలేరమ్మ చెప్పింది. "పచ్చగౌను పాపా? ఇప్పుడే వచ్చిందన్నా. నా చెయ్యి పట్టి వేళ్లు నొక్కింది. ఆకలేమోనని బిస్కెట్టు ఇస్తే ఇసిరి కొట్టింది. అట్లా గడ్డి బండ్ల తట్టు పొయ్యింది."

గడ్డి అమ్మే మునికృష్ణ తల గోక్కున్నాడు. "నా చెయ్యీ పట్టుకున్యాది. తాతకు తగ్గ మనవరాలే, ఏం బేరమే బుజ్జమ్మా అని నవ్వినాం. ఏడ్సుకుంటా పొయ్యింది పాపం."

మునస్వామి పరుగెత్తాడు. అరవై మూడేళ్ల మోకాళ్లు ఎట్లా మోశాయో తెలియదు.

గేటు అవతల ఒక టెంపో ఇంజను ఆగకుండా నిలబడి ఉంది. దాని వెనక డ్రైవరు గొంతుక్కూర్చున్నాడు. ఐశ్వర్య అతని చిటికెనవేలు పట్టుకుని గిల్లుతోంది. వెక్కుతూనే గిల్లుతోంది.

"మీ పాపేనా అన్నా? బండి వెనక్కి తీస్తాంటే అద్దంలో గౌను కనపడింది. దిగినా. అప్పట్నుంచీ ఇడవడంలే. ఏమడగతాదో మాకేం తెలుసు?"

ఆ గిల్లుడుకు అర్థం మునస్వామికి తెలుసు. సంతలో వందలమంది ఉన్నారు. ఆయన తప్ప ఒక్కరికీ తెలియదు. ఆయనేమో తువ్వాలు కింద ఉన్నాడు.

పాపను భుజానికెత్తుకుని కోమలికి ఫోన్ చేశాడు. టైము నాలుగూ నలభై.

"మేడమ్‌కు వద్దని చెప్పేసినావా మా?"

"చెయ్యబోతాండా."

"వస్తామని చెప్పు. నేనూ వస్తా."

"ఎవరన్నా సూస్తే మామా?"

"సూడనీలే. ఈ పొద్దు సంతంతా సూసినారు. ఒక్కడికీ అర్థం కాలే."

ఆ సాయంత్రం కోమలి నోటుపుస్తకం పట్టుకుని ఆయన ఎదుట కూర్చుంది. పాపకు ఏయే సైగలు వచ్చో రాసుకుని రమ్మని మేడమ్ ఫోన్‌లో చెప్పిందట. ముందు చెవుల పరీక్ష చేయించాలట. సైగలు చేస్తోందంటే చెప్పాలన్న ఆరాటం ఉన్నట్టేనట, అది మంచిదేనట. మిగతాది చూశాకే చెప్తుందట.

"చూపుడువేలు నొక్కితే నీళ్లు," అన్నాడు మునస్వామి. "రెండు వేళ్లు నొక్కితే అన్నం. గోరుతో గీకితే నిద్ర."

కోమలి రాసుకుంటోంది. "చిటికెనవేలు గిల్లితే?"

ఆయన తల దించుకున్నాడు.

"నువ్వు."

"నేనా?"

"అమ్మ యాడ అని. నువ్వు డ్యూటీకి పొయినాక పొద్దంతా అదే అడగతాది."

పెన్ను ఆగిపోయింది. "ఇన్నాళ్లు నాకు చెప్పలేదే మామా?"

"నాకొక్కడికే తెలుసునని పొగరుగా ఉండె మా," అన్నాడు. "రాయి. ఇంకా శానా ఉండాయి."