గాలిపటం పట్టుకునే మనిషి

ఏడాదికి సరిపడా కారం కొట్టించాలంటే ముందు కాయలకు తొడిమలు తీయాలి. తొడిమలు తీసిన చేతులు మర్నాటి దాకా మండుతాయి. ఆ మంట గురించి మాట్లాడటం ఆ ఇంట్లో మర్యాద కాదు. పెళ్ళయిన నాటినుంచీ రెబ్కా ఈ మూడింటినీ అదే వరసలో పాటిస్తూ వచ్చింది. ఆ ఆదివారం కూడా చర్చి నుంచి రాగానే చీర మార్చుకుని, వసారాలో గోనెపట్టా మీద కూర్చుంది. అత్తగారు సుబ్బరావమ్మ మంచం మీద నుంచి వంగి, కోడలు తీసిన కాయల్ని ఒక్కొక్కటే మళ్ళీ చూస్తోంది, ఎక్కడైనా తొడిమ మిగిలిందేమోనని.

“ఆ దొరసాని రేపెళ్ళిపోద్దంటగా. ఇహ ఆ గుడ్డ నీకెవరు పట్టుకుంటారే? నా కొడుకా?”

“ఆయనే వస్తానన్నారు అత్తయ్యా.”

“రానీ, రానీ. వాడి మంచితనమే నీకు పొగరైంది.”

గుడ్డ అంటే గాలిపటం. మిషన్ ఆసుపత్రిలో ఏడాదిపాటు పనిచెయ్యడానికి డెన్మార్క్ నుంచి వచ్చిన కళ్ళ డాక్టరు ఇంగ్రిడ్ దాన్ని ఒక పెద్ద సంచిలో వెంట తెచ్చుకుంది. పంపుతో గాలి కొడితే అది రెండు మంచాలంత అవుతుంది. దాని తాళ్ళు ఒక కర్రకు కట్టి ఉంటాయి. ఆ కర్రను నడుముకు బిగించిన పట్టీకి తగిలించుకుని, కాళ్ళ కింద పలక పెట్టుకుని, గాలి ఎటు లాగితే అటు కాకుండా తాను ఎటు పోదలచుకుంటే అటు నీళ్ళమీద సాగిపోవాలి. రెండువేల ఎనిమిది ఫిబ్రవరిలో రెబ్కా తన బడి ఆడపిల్లల్ని దాన్ని చూపించడానికి వాడరేవు తీసుకెళ్ళింది. పిల్లలు చూసి వచ్చేశారు. రెబ్కా మాత్రం మళ్ళీ వెళ్ళింది.

చీరాల బాలికల హైస్కూల్లో ఆమె డ్రిల్ టీచరు. డ్రిల్ టీచరుకు పాఠాలుండవు కనుక పనులెక్కువ. కమిటీ పెద్దలు వస్తే టీలు ఆమే అందించాలి, ఆటల పోటీల రోజున బహుమతుల పళ్ళెం ఆమే పట్టుకోవాలి. ఈల మాత్రం మగపిల్లల బడి నుంచి వచ్చిన మాస్టారు ఊదుతాడు. ఒకప్పుడు విశ్వవిద్యాలయం జట్టులో ఖోఖో ఆడిన మనిషి, పళ్ళెం పట్టుకుని నవ్వుతూ నిలబడటం ఎంత బాగా నేర్చుకుందంటే, తాను పరుగెత్తగలనన్న సంగతి ఆమెకే ఒక పుకారులా తోచేది.

నేర్చుకుంటున్న మొదటి వారాల్లో ఆమె చేసిన తప్పు ఒక్కటే. భయమేస్తే కర్ర మీది నుంచి చేతులు తీసెయ్యమనీ, అప్పుడు గాలిపటం బలం తగ్గి దానంతట అదే నెమ్మదిస్తుందనీ ఇంగ్రిడ్ ఎన్నిసార్లు చెప్పినా, భయమేసిన మరుక్షణం రెబ్కా వేళ్ళు ఇంకా బిగుసుకునేవి. బిగించిన కొద్దీ అది ఆమెను ఇసుకమీద ఈడ్చేది. చేతికి వచ్చినదాన్ని జారిపోనివ్వకపోవడమే, అది కడవైనా కాపురమైనా, ఆమెకు నేర్పిన ఏకైక భద్రత. అది ఇక్కడ మోకాలి చిప్పలు చెక్కుకుపోవడానికి తప్ప మరి దేనికీ పనికిరాలేదు. ఆ మోకాళ్ళు చూసి భర్త జయపాల్ నిట్టూర్చాడు. “నేనేమన్నా అన్నానా? ఇంకో మొగుడైతే కాళ్ళిరగ్గొట్టేవాడు.” తాను చెయ్యని దౌర్జన్యాలను ఆమెకు చేసిన మేళ్ళుగా లెక్కవేసుకోవడం ఆయనకు అలవాటు.

ఏప్రిల్లో ఒక సాయంత్రం, పైరగాలి నిలకడగా వీస్తున్న వేళ, రెబ్కా చేతులు వదులయ్యాయి. పలక నీటిపైకి లేచింది. తనకంటే ఎన్నో రెట్లు బలమైనది తనను మోసుకుపోతోందనీ, దాన్ని నడుపుతున్నవి మిరపకాయలకు మండిన తన రెండు చేతులేననీ ఒకేసారి తెలిసింది. ఒడ్డుకు వచ్చాక ఆమె అరచేత్తో నోరు మూసుకుంది. మాట్లాడితే ఏడుస్తానేమోనని కాదు, గొంతెత్తి అరుస్తానేమోనని.

తిరిగి వెళ్ళేముందు ఇంగ్రిడ్ ఒక షరతు పెట్టింది. గాలిపటాన్ని నేలమీదనుంచి లేపేటప్పుడు అవతలి కొసన దాన్ని నిలబెట్టి పట్టుకునే మనిషి ఒకరుండాలి. నేను చెయ్యి వెయ్యకుండా, నీ మనిషి పట్టుకుంటుండగా నువ్వు సముద్రంలోకి వెళ్ళి తిరిగిరావాలి. అలా చేసి చూపిస్తే అది నీది, లేకపోతే నాతో తీసుకుపోతాను, అంది. లెక్కల టీచరు అఖిలను అడిగితే ఆమె కళ్ళు దించుకుంది. “నాకూ రావాలనే ఉందే. కానీ సముద్రం దగ్గర కనబడ్డానంటే మా అత్తగారు వారం దాకా అన్నం ముట్టదు.” మిగిలింది జయపాల్. కాలేజీ లెక్చరరు, చర్చి సంఘ కార్యదర్శి, భార్యకు స్వేచ్ఛనిచ్చిన వాడని పేరు. ఆయన ఒప్పుకోవడమే కాదు, ఆరాధన ముగిశాక అందరితో చెప్పాడు కూడా. “సాయంత్రం వాడరేవు రండి, మా ఆవిడ ఎగురుద్ది.”

అందుకే ఆ సాయంత్రం ఒడ్డున అంతమంది ఉన్నారు. “నేను బొటనవేలు పైకి చూపిస్తానండీ. చూడగానే చేతులు తీసెయ్యండి, అంతే,” అని ఆయనకు రెండుసార్లు చెప్పి, రెబ్కా తాళ్ళ పొడవునా దూరం నడిచి, పట్టీ బిగించుకుని, వేలెత్తింది. జయపాల్ చూడలేదు. గాలిపటాన్ని ఒక చేత్తో పట్టుకుని పక్కవాళ్ళకు దాని గురించి వివరిస్తున్నాడు. గాలి పెరుగుతోంది. రెబ్కా గట్టిగా అరిచింది. “ఏమండీ, వదిలెయ్యండీ!”

ఆ మాట ఆయనకు బాగా తెలుసు. ఇంట్లో ప్రతి వాదనకూ చివరిమాట అదే, అనేది ఎప్పుడూ ఆమే. పటియాలాలో కోచ్ శిక్షణకు ఆమెకు పిలుపు వచ్చినప్పుడు, అత్తగారు పళ్ళెం విసిరికొట్టినప్పుడు, ఆమె రెండో బిడ్డ వద్దన్నప్పుడు, చివరకు ‘వదిలెయ్యండి’ అని ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఇన్నేళ్ళలో ఆ మాటకు ఆయన నేర్చుకున్న అర్థం ఒక్కటే, తాను గెలిచానని. జయపాల్ ముఖం విప్పారింది. గాలిపటాన్ని జాగ్రత్తగా వెల్లకిలా పడుకోబెట్టి, బిరడా లాగేశాడు. బుస్సుమని గాలి పోయింది.

“మంచి పని చేశావ్ రెబ్కా!” అని అరిచి, జనం వైపు తిరిగాడు. “నే ముందే చెప్పలా? ఆడోళ్ళకి ఆ గుండె ఎక్కణ్ణుంచి వచ్చుద్ది?” అందరూ నవ్వారు.

ఆమె పరుగున వచ్చింది. “నేను చెప్పింది పటాన్ని వదలమని.”

“వదిలెయ్యమన్నావు, వదిలేశాం. ఇప్పుడు మాట మార్చకు, జనం చూస్తన్నారు. పద, ప్రార్థన కూటానికి పాస్టరు గారొస్తారు, టీ పెట్టాల.”

ఆయన అబద్ధం ఆడటం లేదు. ఆమెకు అన్నిటికంటే చేదుగా తగిలింది అదే. కావాలని చెడగొట్టి ఉంటే కోపం తెచ్చుకోవచ్చు, కోపానికి ఒక ఒడ్డుంటుంది. ఇది తన నోటితో తాను నేర్పిన భాష. శాంతి కోసం అన్న మాట, అన్న ప్రతిసారీ, ఆయన చెవిలో ఒప్పుకోలుగా గట్టిపడుతూ వచ్చింది. ఇప్పుడు ప్రాణమంత అవసరమై అరిచినా దానికి ఇంకో అర్థం మిగల్లేదు.

గాలిపటాన్ని సర్దుకోవడానికి ఇంగ్రిడ్ సంచి తెరిచింది. రెబ్కా ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. “మీ ఊళ్ళో పట్టుకునే మనిషి దొరకనివాళ్ళు ఏం చేస్తారు?”

ఇంగ్రిడ్ ఆమెను పరీక్షగా చూసి, గాలిపటం ఒక అంచు మడిచి చూపించి, ఆ మడతకు బరువుగా పొయ్యమన్నట్టు కింద ఇసుకవైపు వేలు చూపింది. “కానీ బాగా వచ్చినవాళ్ళే చెయ్యాలి. రానివాళ్ళకు ప్రమాదం.”

“నాకొచ్చు,” అంది రెబ్కా. వంట గురించి తప్ప మరి దేని గురించీ ఆమె ఆ మాట అని చాలా ఏళ్ళయింది.

ఆమె మళ్ళీ పంపు కొట్టడం చూసి జయపాల్ ఇబ్బందిగా దగ్గరికొచ్చాడు. “సర్లే, పట్టుకుంటాలే. ఎందుకంత పంతం?”

“అక్కర్లేదండీ. కొంచెం పక్కకు జరగండి, తాళ్ళు తగుల్తాయి.”

మడిచిన అంచు మీద ఇసుక పోసింది. దూరంగా నడిచి వెళ్ళి తాళ్ళు బిగించి లాగింది. ఇసుక జారింది, గాలిపటం లేచింది. రెబ్కా పలకెక్కి జాలర్ల పడవలు దాటి వెళ్ళి, మలుపు తిప్పి, బయలుదేరిన చోటికే వచ్చి దిగింది. ఇంగ్రిడ్ సంచిని ఆమె భుజానికి తగిలించింది.

ప్రార్థన కూటం అయ్యాక పాస్టరు గారు మెచ్చుకున్నారు. “విన్నానమ్మా, అద్భుతం చేశావంట! అంత పెద్దదాన్ని ఎవరు పట్టుకుని లేపారు?”

“ఇంకెవరండీ, నేనే,” అన్నాడు జయపాల్, మీసం మీద టీ తుడుచుకుంటూ. సుబ్బరావమ్మ మురిసిపోయింది. “భర్త అండ లేంది ఆడది అడుగేసుద్దా అయ్యగారూ?”

రెబ్కా ఖాళీ కప్పులు తీయబోయి ఆగింది. కప్పుల్ని అక్కడే ఉంచి, కుర్చీ లాక్కుని వాళ్ళ మధ్య కూర్చుంది.

“ఆయన కాదండీ అయ్యగారూ. ఆయన చెయ్యాల్సిన పనికి నాలుగు దోసిళ్ళ ఇసుక సరిపోయింది.”