టీ రంగు పట్టీలు

ఆ పొద్దున ఆకాశం పలచని సున్నపు నీళ్లలా ఉంది. కురిసే మబ్బు కాదు, విడిపోయే మబ్బూ కాదు. అక్క మేడ మీద నిలబడి అరచేత్తో ఒక కన్ను మూసి చూసింది. చెయ్యి మార్చి రెండోది మూసి చూసింది. కుడి కంట్లో శుక్లం తీయించి పదిహేను రోజులైంది. నల్లద్దాలు నిన్ననే పక్కన పెట్టింది. ఎడమ కంటి వంతు వచ్చే నెల.

“కుడి కంటికి ఆకాశం మబ్బేసి ఉందిరా. ఎడమ కంటికేమో ఎవరో టీ ఒలకబోసినట్టుంది,” అంది.

నేను “ఊఁ” అన్నాను. అంతకంటే మాట్లాడితే ఎటు పోతుందో నాకు తెలుసు.

అక్క బొమ్మలు వేస్తుంది. బావ ఫొటోలు తీస్తాడు; కింద వీధి గది ఆయన స్టూడియో. నేను వెనక రేకుల షెడ్డులో ఫ్రేములు కడతాను. అక్క ఇరవై ఏళ్లుగా వేస్తున్నది ఒకటే, తాడు మీద ఆరేసిన తెల్లబట్టలు. చొక్కాలు, దుప్పట్లు, నర్సుల కోట్లు. మా అమ్మ ఆస్పత్రి దుప్పట్లు ఉతికేది. ఏ దుప్పటి ఏ నీళ్లలో జాడించారో తెలుపు చూసి చెప్పేది. ఆ చూపు అక్కకొచ్చింది. అక్క వేసిన బట్టలో గాలి ఆగి ఉంటుందని చూసినవాళ్లు అంటారు. నేను అనను గానీ, ఉంటుంది.

ఈ ఆరేళ్లలో వేసిన పన్నెండు బొమ్మలు మేడగదిలో గోడకి ఆనించి ఉన్నాయి. మర్నాడు పొద్దున వ్యాను వస్తుంది, ప్రదర్శనకి తీసుకుపోతుంది. ఆపరేషన్ అయ్యాక అక్క ఆ గదిలోకి రావడం అదే మొదలు. బావా నేనూ వెనకాల నిలబడ్డాం.

చాలాసేపు చూసింది.

“ఇవెవరివి?”

“నీవే,” అన్నాడు బావ.

“నావి తెల్లగా ఉంటాయి.”

అక్క బల్ల దగ్గరికెళ్లి కొత్త తెలుపు ట్యూబు మూత తీసింది. కుంచె ముంచి మొదటి బొమ్మలో దుప్పటి అంచున జానెడు గీత గీసింది. ఆ గీత పక్కన మిగతా దుప్పటంతా ఒక్కసారిగా పాత కాగితమైపోయింది. చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను.

“ఒరేయ్, అటు కాదు. ఇటు రా.”

వెళ్లాను. బొమ్మకీ ఫ్రేము కర్రకీ మధ్య వేలెడు వెడల్పున నేను రంగేసి బిగించే పట్టీ ఉంటుంది. దాని మీద గోరు పెట్టింది.

“ఇది ఏం రంగు?”

“టీ రంగు.”

“తెల్లది కదా వేస్తావు?”

“వేసేవాణ్ణి. ఆరేళ్ల కిందట మార్చాను.”

“టీ రంగంటే ఎంత టీ?”

“పాలెక్కువ పోసింది.”

నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు.

ఆరేళ్ల కిందట ఒక బొమ్మకి ఎప్పటిలాగే తెల్ల పట్టీ బిగించి నిలబెట్టాను. పట్టీ పక్కన అక్క దుప్పటి పసుపు తిరిగి కనబడింది. పట్టీ ఊడదీసి, తెలుపులో కాస్త గోధుమరంగు కలిపి ఇంకోటి వేశాను. పసుపు అణిగిపోయింది. ఆ తర్వాత ప్రతి ఏడూ ఇంకో చుక్క ఎక్కువ కలపాల్సి వచ్చింది. శుక్లం ముదిరేకొద్దీ అక్కకి తెలుపుకీ లేత పసుపుకీ తేడా తెలియకుండా పోయింది. పట్టీ మారిన సంగతీ తెలియలేదు. బావ ఓసారి షెడ్డులోకొచ్చి రంగు డబ్బా చూశాడు, నన్ను చూశాడు, వెళ్లిపోయాడు. ఆ విషయం మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు.

అక్క బావ వైపు తిరిగింది. “ఏటా నా బొమ్మలన్నీ ఫొటోలు తీస్తారుగా. రంగు సరిచూసుకోడానికి పక్కన రంగుల అట్ట పెట్టి మరీ తీస్తారు. మీకు కనబడలేదా?”

“కనబడింది.”

“ఎప్పట్నించి?”

“వీడికంటే ముందే.”

“బాగుంది. తోడుదొంగలు! ఆయన సరే, పెళ్లాం అంటే భయం. నువ్వేంట్రా? నీ నోట్లో నువ్వుగింజ నానడమేంటి, మొలకెత్తి చెట్టయినా నోరు తెరవవు!”

“ఏటా కళ్లు చూపించుకోమన్నాను,” అన్నాడు బావ.

“ఎందుకో చెప్పారా?”

“చెబితే వెయ్యడం మానేసేదానివి.”

“మానేసేదాన్నో లేదో నేను తేల్చుకునేదాన్ని!” అక్క కుంచెతో గోడ వైపు చూపించింది. “ఆరేళ్లు నేను వేసింది నేను చూడలేదు. మీరు చూశారు. వచ్చినవాళ్లందరూ చూశారు. నేను తప్ప.”

బావ కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచినవే మళ్లీ తుడిచాడు.

అక్క కుంచె పట్టుకుని ఒక్కో బొమ్మ ముందూ నిలబడుతూ పోయింది. పన్నెండింటి మీదా తెలుపు పూసేస్తుందనుకున్నాను. పూస్తే ఆరేళ్లూ పోతాయి, ఆ బట్టల్లో గాలీ పోతుంది. ఆపడానికి నాకు నోరు లేదు. చివరి బొమ్మ దగ్గర కుడి కన్ను మూసుకుని చూసింది, తర్వాత ఎడమది. కుంచె తీసుకెళ్లి డబ్బాలో పడేసింది.

“ఒరేయ్, పట్టీలు మార్చు. పన్నెండూ. చుక్క కూడా కలపని తెలుపు వెయ్యి.”

“పసుపు తెలిసిపోతుందక్కా.”

“తెలియనీ. మరక పోని దుప్పటిని అమ్మ ఎక్కడ పెట్టేది?”

“మూటలో అన్నిటికంటే పైన.”

“ఎందుకు?”

“ఆస్పత్రివాళ్లకి మరక వెతుక్కునే పని లేకుండా.”

“మరి?”

సామాను తెచ్చాను. మేకులు పీకుతుంటే బావ వచ్చి ఫ్రేము అవతలి కొస పట్టుకున్నాడు. అక్క వద్దనలేదు. తనే పట్టీలకి రంగు పూసింది, కుడి కన్నొక్కటే తెరిచి. మొదటి బొమ్మ దగ్గరికొచ్చాక బావ దుప్పటి అంచున ఉన్న ఆ జానెడు గీత వైపు చూశాడు.

“తడిగానే ఉంది. తుడిచెయ్యనా?”

“ముట్టుకోకండి. అదీ నాదే.”

పన్నెండో పట్టీ బిగించేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. తెల్ల పట్టీల మధ్య పసుపు తిరిగిన దుప్పట్లు దాపరికం లేకుండా నిలబడ్డాయి.

బావ కిందికెళ్లి అన్నం గిన్నె, కూర గిన్నె, మూడు కంచాలు తెచ్చాడు. నేల మీద పాత పేపర్లు పరిచాను. చేతులకంటిన రంగు పూర్తిగా పోలేదు. అలాగే కూర్చున్నాం. బావ ముందు అక్కకి వడ్డించాడు. అక్క కంచంలో అన్నం వైపు చూస్తూ ఎడమ కన్ను మూసింది, తెరిచింది. కుడిది మూసింది, తెరిచింది. తర్వాత రెండు కళ్లూ తెరిచి మొదటి ముద్ద కలుపుకుంది. గరిటె అందుకుని బావ కంచంలో కూర వేసింది. ముగ్గురం తిన్నాం.