బెల్లం పెట్టని డబ్బా

మూత తిప్పి తియ్యాలి. మూతకే ఉన్న చిన్న చెంచాతో గోరంత తియ్యాలి. గట్టిగా బిగించాలి. బిడ్డ పేరు రాయాలి. ఎండ తగలకుండా ఐసు పెట్టెలో పెట్టాలి. ఆశా కార్యకర్త సూరీడమ్మ ఇవన్నీ ఇంటింటికీ విడమరిచి చెప్పింది. కడగకూడదని మాత్రం చెప్పలేదు. చెప్పాలని ఎవరికి తోస్తుంది?

నేను ఒక ప్లాస్టిక్ డబ్బాని. నాతోపాటు ఫ్యాక్టరీలో పుట్టినవాళ్ళు కొందరు క్రీము నింపుకుని అద్దాల ముందు కూర్చున్నారు. నాకు పడిన ఉద్యోగం వేరు. విరేచనాలు పట్టుకున్న పసిపిల్లల మలం మొయ్యడం.

విజయనగరం అవతల ఆ ఊళ్ళో ఏ ఇంట చూసినా ఓ బిడ్డ వాడిపోయి ఉంది. ఊరంతా కలిసి కారణం తేల్చేసింది: చిన్నమ్మలు అమ్మే పాలు. మొగుడు పోయాక రెండు గేదెల మీద బతుకుతున్న మనిషి ఆమె. ఇప్పుడు ఆమె వస్తుంటే తలుపులు మూసుకుంటున్నారు.

సూరీడమ్మ ఆ పాలూ, కుళాయి నీళ్ళూ సీసాల్లో పట్టింది. పిల్లల ఇళ్ళకి మా వాళ్ళని పంచింది. మర్నాడు బాబిగాడి నాయనమ్మ సన్యాసమ్మ తిరిగిచ్చిన డబ్బా మూత తీస్తే, తళతళా తోమిన నా తోడబుట్టినదానిలో బెల్లంముక్క! సూరీడమ్మ సంచిలోంచి చూస్తున్న నాకు నవ్వాగలేదు.

“ఇదేటి పిన్నీ?” అంది సూరీడమ్మ.

“పరాయోళ్ళ డబ్బా, మురికిగా ఎలాగిచ్చీదే? ఒట్టిదిచ్చినా బాగోదు కదేటి!”

వీధిలోంచి విన్న చిన్నమ్మలు గబగబా వచ్చి, సంచిలోంచి నన్ను తీసి ముసలామె చేతిలో పెట్టింది.

“అత్తా, నా పాల్లో ఇసముంటే ముందు నాకే తెలియాల. ఈపాలి కడక్కు. నీకు దండమెడతాను.”

“బెల్లమెట్టకపోతే పిసినారంటారే!”

“నానైతే అననులే!”

బాబిగాడు ఎవరినీ ఎక్కువసేపు కాయించలేదు.

పట్నం ల్యాబులో చిత్రం బయటపడింది. ఒకే పేరున్న సూక్ష్మజీవి పాలలోనూ ఉంది, నీళ్ళలోనూ ఉంది, నాలోనూ ఉంది. పేరు చూసి ఆగిపోతే చిన్నమ్మలు పని అయిపోయేదే. ఆగలేదు. యంత్రం వాటి జన్యువులని అక్షరం అక్షరం చదివింది. పాలలోది వేరే వంశం, పిల్లలకి జబ్బు తెచ్చే రకం కాదు. నాలోదీ, మిగతా పిల్లల డబ్బాల్లోదీ, కుళాయి నీళ్ళలోదీ మాత్రం ఒక్క తల్లి బిడ్డలు. వెతికితే, మురుగుకాలవ అడుగున నీళ్ళ పైపు పగిలి ఉంది.

తరవాతి సంగతి సూరీడమ్మ మళ్ళీ ల్యాబుకి వచ్చినప్పుడు చెప్పగా విన్నాను. పైపు మార్చారు. పిల్లలు తేరుకున్నారు. సన్యాసమ్మ చెంబు పట్టుకెళ్ళి, “మా గుంటడికి పావు లీటరు పొయ్యే” అందట. తప్పయిందని ఆమె అనలేదు, ఊళ్ళో ఇంకెవరూ అనలేదు. చిన్నమ్మలు పాలు కొలిచి పోసిందట.

నన్నిప్పుడు పసుపుపచ్చ సంచిలో వేసి కాల్చడానికి తీసుకెళ్తున్నారు. నన్ను గుర్తుంచుకోమని అడగను, అంత గొప్ప సరుకేమీ మొయ్యలేదు. మీ వీధిలో పిల్లలకి జబ్బు చేసి, ఎవరో ఒకరి మీదికి వేళ్ళు లేచిన రోజున చిన్నమ్మలుని తలచుకోండి. ఆ వేళ్ళలో మీది కూడా ఉంటే, తప్పకుండా తలచుకోండి.