ప్రార్థన పెట్టెలో పేతురు అత్త

మోక అనే ఊళ్ళోని ఆ చిన్న మందిరంలో ప్రసంగం వింటూ చంద్రిక అంత శ్రద్ధగా రాసుకునేవాళ్ళు ఇంకెవరూ లేరు. పాస్టరయ్యకు ఆ సంగతి ఎంతో ముచ్చట. "చూడండి, చంద్రిక సిస్టరు ఒక్క మాట వదలదు" అని నెలకోసారైనా మెచ్చుకునేవాడు. ఆమె తల దించుకునేది. జనం దాన్ని వినయమనుకునేవాళ్ళు. అది వినయం కాదు, భయం. ఆమె రాస్తున్నది ఆయన ప్రసంగం కాదు, నవల.

ఏం చేస్తుంది మరి? తెల్లారిందంటే ఇద్దరు పిల్లలు, ఇడ్లీ పాత్ర, కుట్టుమిషను. ట్రాక్టరు తోలి ఒంటినిండా దుమ్ముతో వచ్చే మొగుడు ప్రవీణ్‌కుమార్. వారం మొత్తంలో ఎవరూ "చంద్రికా" అని కేకేయకుండా రెండు గంటలు కూర్చోనిచ్చే చోటు మందిరం ఒక్కటే. పైగా అక్కడ ప్రార్థన మనవులు రాసుకునే చీటీలు కట్టలు కట్టలుగా ఉంటాయి, పెన్ను కూడా ఉంటుంది. దేవుడే ఏర్పాటు చేశాడని ఆమె నమ్మకం.

ఇంట్లో రాయకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఆ కారణం పేరు దీవెనమ్మ, చంద్రికను కన్నతల్లి. సొంతూరు రూపనగుడిలో ఇల్లు వానకు కూలిపోతే మూడేళ్ళ కిందట ఇక్కడికి వచ్చింది. పోయినేడు కూతురు బైబిల్లోని లూదియ మీద నవల రాసిందని తెలిసి ఇల్లు పీకి పందిరేసింది. "దేవుడు రాయించిన దాంట్లో మాటలు కలిపేదానికి నువ్వెవతివే? ఇంకోసారి కాగితాలు కనిపిస్తే పొయ్యిలోకే పోతాయి, చెప్తాండా" అంది. అన్నంత పనీ చేసే మనిషి. అటు కర్నూలులో అచ్చువేసేవాళ్ళేమో కొత్త నవల క్రిస్మస్‌కల్లా కావాలని కూర్చున్నారు.

ఆ కొత్త నవల ప్రభువు శిష్యుడైన జాలరి పేతురు అత్త మీద. బైబిల్లో ఆ తల్లికి పేరైనా లేదు. జ్వరంతో పడి ఉంది, ప్రభువు చెయ్యి పట్టుకుని లేపాడు, లేచి అందరికీ వడ్డించింది. అంతే! అంతేనా అని చంద్రికకు ఒళ్ళు మండేది. కూతురి ఇంట్లో, అల్లుడి పంచన ఆమె ఎట్లా బతికింది? ఏ మాట ఎవరికి చెప్పుకుంది? దీనికోసం చంద్రిక గ్రంథాలు తిరగేయాల్సిన పని లేకపోయింది. అల్లుడి ఇంట్లో ఉన్న అత్త తన వంటింట్లోనే ఉంది.

దీవెనమ్మ పాత కట్టుబాట్ల మనిషి. అల్లుడు ఇంట్లో అడుగుపెడితే చాలు, కొంగు సర్దుకుని వంటింట్లోకి తప్పుకుంటుంది. అతనూ తక్కువ తినలేదు. వంటింటి గడప దాటడు, అత్తతో నేరుగా ఒక్క మాట మాట్లాడడు. "మీ యమ్మ తినిందా?" అని పెళ్ళాన్ని అడుగుతాడు. "తినిందని చెప్పు" అని లోపల్నుంచి వస్తుంది జవాబు. మధ్యలో చంద్రిక ప్రాణం తీస్తున్నారు ఇద్దరూ.

ఆ ఆదివారం ఆమె చెయ్యి మంచి ఊపు మీదుంది. మూడు చీటీలు నిండాయి. ఇంతలో చిన్నది బయటికి పోవాలని ఏడుపు అందుకుంది. చీటీలు మడిచి చాప మీద పెట్టి, పిల్లను ఎత్తుకుని వెళ్ళింది. పక్కన కూర్చున్న తనూజ చాలా మంచిది, అదే వచ్చిన చిక్కు. "పాపం, అక్క పెట్టెలో వేయడం మరిచిపోయింది" అనుకుని మూడింటినీ తీసుకెళ్ళి ప్రార్థన పెట్టెలో వేసి వచ్చింది.

చంద్రిక తిరిగి వచ్చేసరికి పాస్టరయ్య మొదటి చీటీ విప్పుతున్నాడు. "పేరు రాయలేదు. పర్వాలేదు, దేవునికి తెలుసు" అని గొంతు సవరించుకుని చదివాడు.

"అమ్మ మూడు రోజులుగా జ్వరంతో పడి ఉంది. 'ఈ ఇంట్లో మంచినీళ్ళు తాగినా అడిగి తాగినట్టే ఉంటుంది. ఇది నా ఇల్లు కాదు కదా' అని గోడవైపు తిరిగి పడుకుంది. అల్లుడు గడప దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రాడు."

"అయ్యో దేవా" అంది సంఘం. ఆ సంఘంలో అల్లుడి ఇంట్లో ఉన్న అత్త ఒక్కతే. తలలన్నీ ముందు వరసలో గుండ్రాయిలా కూర్చున్న దీవెనమ్మ వైపు తిరిగాయి, తర్వాత వెనకనున్న ప్రవీణ్ వైపు తిరిగాయి. అతను డోలక్ తాళ్ళు బిగించే పనిలో ఉండి ఒక్క ముక్క వినలేదు.

"ఆ అల్లుడి రాతి గుండె కరగాలని ప్రార్థన చేద్దాం" అన్నాడు పాస్టరయ్య. చేశారు. చివర్లో అందరికంటే గట్టిగా "ఆమేన్" అన్నది ప్రవీణే.

రెండో చీటీ విప్పారు. "రాత్రంతా వల వేసినా ఒక్క చేప పడలేదు. అల్లుడు దోనె ఒడ్డుకు లాగి ఉత్త చేతులతో ఇంటికొచ్చాడు."

తనూజ చంద్రిక చెవిలో గుసగుసలాడింది. "ఏందక్కా, ప్రవీణన్న కాలవలో చేపలు పడతాండాడా? ఇరిగేషనోళ్ళు చూస్తే కేసు అయితాది!"

 మూడో చీటీ మొదటి వరసలోనే పేతురు ఊరు కపెర్నహూము పేరు ఉంది. అది చదివితే గుట్టు రట్టవుతుంది. ఆదివారం ఆదివారం రాసి బియ్యం డబ్బాలో దాచిన చీటీలన్నీ సాయంత్రానికి బూడిదవుతాయి. పాస్టరయ్య మూడో మడత విప్పబోయాడు.

దీవెనమ్మ లేచి నిలబడింది.

"అయ్యా, సాలు. ఆ మనవి నాదే. జరమొచ్చినప్పుడు రాయించుకున్నా. ఆ మూడోది సదవద్దండి, అది నాకూ దేవునికీ నడమ మాట. ఇట్లియ్యండి."

పాస్టరయ్య భక్తిగా మడిచి ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని రవికలో దోపుకుని కూర్చుంది.

ఇంటికొచ్చాక దీవెనమ్మ వంటింట్లో కూర్చుని, అద్దాలు పెట్టుకుని, ఆ చీటీని రెండుసార్లు చదివింది. చంద్రిక పొయ్యి వైపే చూస్తూ నిలబడింది.

"అమ్మా, నా కోసం మందిరంలో అబద్ధమాడినావా?"

"అబద్ధం యాడాడినానే?" దీవెనమ్మ అద్దాలు తీసింది. "ఇది నా ఇల్లు కాదని నేను ఏ పొద్దూ నోరు తెరిచి చెప్పలేదు గదా. నీకెట్ల తెలిసె?"

 పేతురు అత్త కోసం కల్పించాననుకున్న మాట అది. చంద్రికకు ఏడుపొచ్చింది, ఏడ్చింది.

గడప దగ్గర ప్రవీణ్ నిలబడి ఉన్నాడు. తాను ఎవరి గుండె కరగాలని ఆమేన్ అన్నాడో దారిలో తనూజ వివరంగా చెప్పింది. పైగా చేపలు దొరికితే తమకూ ఇమ్మంది. అతను కాసేపు కాళ్ళు మార్చి మార్చి నిలబడ్డాడు.

"అత్తా," అన్నాడు చివరికి, మూడేళ్ళలో మొదటిసారి. "తెలీక ఆమేన్ అనేసినా. ఇంగ తప్పేదేముంది?"

గడప దాటి లోపలికొచ్చి, నేల మీద చతికిలపడ్డాడు. "నాకూ ఇంత అన్నం పెట్టు. నువ్వూ పెట్టుకో."

దీవెనమ్మ గబగబా కొంగు లాక్కుని, తప్పుకోవడానికి ఇంకో గది లేక, అటూ ఇటూ చూసింది. తర్వాత రెండు కంచాలు తీసింది. వడ్డించే తొందరలో పప్పు కాస్త నేలపాలైంది. కూతురు గుడ్లప్పగించి చూస్తుంటే కసిరింది.

"సుమ్నే ఊరికే నిలబడి ఏం చూస్తాండావే? పెన్ను యాడుండాది? అల్లుడు లోపలికొచ్చినాడని రాసుకో. బైబిల్లో లేదులే, అయినా రాయి."