తట్టింది ఎవరు?

యూనియన్ మిలట్రీ వచ్చి రజాకార్లు పోయాక, ఇబ్రహీంపట్నంలో ముందుగా తెరుచుకున్నవి పిల్లల నోళ్లు. అంతకు ముందు ఏడాదంతా "ష్" అంటూ పెంచిన పిల్లలు మరి! పొద్దు వాలగానే మా వాకిట్లో చేరేవారు. ప్రాణభయంతో వచ్చి చుట్టాల ఇళ్లలో తలదాచుకున్న తుక్కుగూడ పిల్లలు ఒక పక్క, మా ఊరి పిల్లలు ఒక పక్క. మాట కంటే ముందు మట్టిపెళ్ల విసురుకునేవారు. మీసాలు మొలిచే వయసొచ్చినా బుద్ధి మొలవలేదు. బడిపంతులమ్మను, నాకు ఓపిక తక్కువ, గొంతు ఎక్కువ. అందరినీ గదమాయించి కూర్చోబెట్టి కళ్లమూత ఆట పెట్టాను.

ఒకరిని కూర్చోబెట్టి వెనక నుంచి నేను కళ్లు మూస్తాను. ఇంకొకరు చప్పుడు చేయకుండా వచ్చి, నుదుటి మీద తట్టి, తమ చోటికి వెళ్లి కూర్చోవాలి. తట్టిందెవరో పేరు చెబితే సరే, లేకపోతే దొంగ మళ్లీ నువ్వే. పేర్లు తెలియకుండా ఈ ఆట సాగదు. అందుకే కొన్నాళ్లకే ఎవరిది ఏ ఊరో మరిచిపోయి, పేరు పెట్టి తిట్టుకునేంత స్నేహం కుదిరింది.

ఒక్క నర్సింహమ్మకు తప్ప. తుక్కుగూడ నుంచి వచ్చి మేనత్త ఇంట్లో ఉంటున్న పద్నాలుగేళ్ల పిల్ల. ఎవరు తట్టినా ఆమెది ఒకటే జవాబు.

"తెల్వదు."

"సుసన్నక్కా, గామెను తీసెయ్యి. ఆట ఖరాబైతున్నది" అన్నాడు కొండల్. మా ఊరి పిల్లలందరిలో వాడి నోరే పెద్దది. మిగతావాళ్లూ తలలూపారు.

"నువ్వు జర నోర్ముయ్యి!" అన్నాను గానీ, నాకూ విసుగొచ్చింది. ఆ పూటే వెళ్లి మేనత్తను అడిగాను.

"రజాకార్లు సిద్దయ్య కోసం వచ్చిన్రు. గా పిల్లకు అన్న. ఊరి కాపలాకు రాళ్లు ఇసిరె వడిసెల పట్టుకొని నిలవడ్డోళ్లల్ల వాడొకడు" అంది ఆమె. "ఈ పిల్ల చేతులు ఎన్కకు విరిచి అడిగిన్రట, కాపలా ఉన్నోళ్ల పేర్లు చెప్పుమని. ఎవ్వరడిగినా తెల్వదను బిడ్డా అని వాళ్ల బాపు నేర్పిండు. గంతే, గదొక్కటే అన్నది. సిద్దయ్య ఏడున్నడో ఇప్పటికీ ఎర్కలేదు. ఆటల వడితెనన్న నలుగుట్ల కలుస్తదని తోలుతున్న. నువ్వు గూడ వద్దంటే ఇగ నా ఇంట్ల మూలకే కూసుంటది."

ఆటలోంచి తీసే మాట మళ్లీ ఎవరెత్తినా తోలు తీస్తానని పిల్లలకు చెప్పాను. కానీ బెదిరిస్తే కలుస్తాయా మనసులు? ఆమె పక్కన కూర్చోవడానికి ఎవరూ రాలేదు.

ఒక సాయంత్రం మళ్లీ ఆమే దొంగ. నా అరచేతుల కింద ఆమె కళ్లున్నాయి. మా కంప దడి పక్కన ఎవరో నిలబడ్డారు. మాసిన గడ్డం, దుమ్ము పట్టిన కాళ్లు, అచ్చం నర్సింహమ్మ ముక్కు. పెదవుల మీద వేలు పెట్టి పిల్లలకు సైగ చేసి, మెల్లగా లోపలికి వచ్చాడు. నుదుటి మీద తట్టలేదు. నడినెత్తిన చిన్న మొట్టికాయ వేశాడు.

నా అరచేతులు తడిసిపోయాయి.

"ఎవరే?" అన్నాను.

"తెల్వదు" అంది నర్సింహమ్మ. కళ్లు కారుతున్నాయి, మాట మాత్రం తొణకలేదు.

అతను ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "చెల్లే, వాళ్లు పోయిన్రు. ఇగ చెప్పొచ్చు."

"సిద్దన్న" అంది. మళ్లీ వాకిలంతా వినబడేలా, "మా సిద్దన్న!" అని అరిచింది. నేను చేతులు తీసేశాను. అన్నాచెల్లెళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. రాతిగుండెదని పేరున్న నేనూ బోరుమని ఏడ్చాను.

కొండల్‌కు మాత్రం వేరే ఫికర్ పట్టుకుంది. "మరి మొన్న నేను తట్టింది గూడ తెల్సా?"

నర్సింహమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఎందుకు తెల్వదు? నీ ఏళ్లకు ఎప్పుడు బెల్లం జిగటే, కొండల్! నాగులమ్మేమో తట్టెటప్పుడు ఊపిరి బిగవడ్తది." ఒక్కొక్కరినే చూపిస్తూ అందరి పేర్లూ చెప్పింది. ఒక్కటీ తప్పలేదు. ఇన్నాళ్లూ ఒక్కరి పేరూ బయటపెట్టకుండా అందరినీ దాచుకుంది పిచ్చిది! కొండల్ జరిగి తన పక్కన చోటిచ్చాడు.

కూర్చోబోతూ నావైపు తిరిగింది.

"నీ చెయ్యి గూడ తెల్సు సుసన్నక్కా. నోరు గంత గట్టిది గని, కండ్లు మాత్రం ఎన్నడు గట్టిగ ఒత్తలే."

వాకిట్లో అందరూ నన్నే చూస్తున్నారు. "ఏం చూస్తున్నరు? ఆడున్రి!" అని గదమాయించి, తర్వాతి దొంగ కళ్లు మూయడానికి చేతులు చాచాను.