నైరుతి మూల గుంత

మా తమ్ముడు గుణశేఖర్ తన స్టీరియోను ఎనిమిది నెలల్లో మూడుసార్లు మరమ్మతుకు పంపాడు. అంగట్లో అది నిక్షేపంగా పాడింది. చిత్తూరు మిట్టూరులోని ఇంటికి చేరగానే మళ్ళీ గుయ్యిమంది. మూడోసారి మెకానిక్కును తిట్టిపోసి, తిరుపతిలో ఉన్న నాకు ఫోన్ చేశాడు. నేను ముప్పై ఏళ్ళు భౌతికశాస్త్రం బోధించానన్న సంగతి అతనికి ఇటువంటప్పుడే గుర్తుకొస్తుంది.

"వైర్లు మార్చినా, స్పీకర్లు మార్చినా. ఇంక ఇల్లొకటే మార్చల్ల," అన్నాడు, మర్నాడు పొద్దున బస్సు దిగి వచ్చిన నన్ను చూడగానే.

"నన్ను మార్చకుంటే సాలు," అంది అతని భార్య పంకజాక్షి, నాకు కాఫీ అందిస్తూ. గ్లాసు వదిలిన చేతిని రెండో చేత్తో రుద్దుకుంది.

"చేతికి ఏమైంది?"

"షుగరు కదా వదినా, నరాలు దెబ్బతినుంటాయంట. పొద్దున్నే స్నానం చేసేటప్పుడు జివ్వుమని లాగతాయి. మాత్రలు మింగతా ఉండా."

"స్నానం చేసేటప్పుడేనా?"

"ఆ. బయటికొస్తే సర్దుకుంటాది."

"ఆ జబ్బంతే అక్కా. నువ్వు ముందు ఈ సెట్టు సంగతి సూడు," అన్నాడు గుణశేఖర్.

స్నానాల వేళ చూసుకొని వచ్చే నరాల జబ్బును గురించి నేనెక్కడా చదవలేదు. ఆ మాట దగ్గరే ఆగి ఆలోచించవలసింది. ఆగలేదు. అది నా తప్పు.

ఆంప్లిఫయరు ఇనుప పెట్టె. మూడు పిన్నుల ప్లగ్గు. స్విచ్చు వేశాను. నాదస్వరం శుభ్రంగా వినిపించింది. పది నిమిషాలు గడిచినా మచ్చుకైనా రొద లేదు.

"సూస్తివా! నువ్వంటే దానికీ భయమే," అని గుణశేఖర్ నవ్వాడు.

ఆ నవ్వు పూర్తికాకముందే రెండు స్పీకర్లూ ఒక్కసారిగా గుయ్యిమన్నాయి. వాల్యూము పూర్తిగా తగ్గించాను, రొద తగ్గలేదు. పాట వచ్చే తీగను పీకేశాను, అయినా తగ్గలేదు. పెట్టె వెనుక మరమేకుకు టెస్టరు ఆనించాను. దీపం ఎర్రగా వెలిగింది. వెలగకూడని చోటు అది.

"గుణా, ఇప్పుడు ఇంట్లో ఎవరు ఏ స్విచ్చు వేశారు?"

"ఎవురేస్తారు? ఆమె స్నానానికి పోయింది. గీజరు ఏసుంటాది."

ఇంట్లోని ఎర్త్ తీగలన్నీ ఒకటిగా కలిసి, గుంతలో పాతిన పైపు ద్వారా నేలలోకి దిగాలి. దిగకపోతే, ఒక పరికరంలో కారిన కరెంటు అన్నిటి లోహంలోనూ నిలబడుతుంది. నా టెస్టరును వెలిగిస్తున్నది గీజరులోని కరెంటు. అదే కరెంటు పంకజాక్షి పట్టుకున్న కొళాయిలోనూ ఉంది.

మెయిన్ స్విచ్చు వరండాలో ఉంది. ఆపడానికి అటు పరుగెత్తాను. గుణశేఖర్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"అట్లా టక్కున ఆపితే సెట్టు కాలిపోతాదక్కా!"

"తప్పుకో."

అతడు తప్పుకోలేదు. అరవై ఎనిమిదేళ్ళ వయసులో మొదటిసారి ఒక మనిషిని తోశాను. మెయిన్ దించి, ఫ్యూజు ఊడదీసి, స్నానాల గది తలుపు బాదాను.

"పంకజా!"

లోపల నీళ్ళు పడుతున్న చప్పుడు తప్ప మరేమీ లేదు.

"పంకజా! పలుకు!"

"ఏంది వదినా, ఆ కొట్టడం? తలకు సీకాయ పెట్టుకోంగానే కరెంటు తీసేస్తిరి. కండ్లు మండతా ఉండాయి!"

గోడకు ఆనుకున్నాను. అక్కడి నుంచే గుణశేఖర్‌ను అడిగాను.

"ఎర్త్ గుంత యాడుండాది?"

అతడు పెరట్లోకి, నైరుతి మూలనున్న కొత్త టైళ్ళ వైపు చూశాడు. "నైరుతిలో గుంత ఉండకూడదని సిద్ధాంతి చెప్పినాడు. పైపు పెరికేసి, పూడ్చేసి, టైల్స్ ఏసినాం."

"తీగ?"

"తెంచి గోడలోకి దోపినాం."

"ఎప్పుడు?"

"ఎనిమిది నెలలైంటాది." అంతలోనే అతని ముఖం వికసించింది. "అంటే సెట్టు బాగానే ఉన్నట్టే కదక్కా?"

తలకు తుండు చుట్టుకొని పంకజాక్షి అతని వెనకే నిలబడి ఉంది. ఆమెకే చెప్పాను, ఒక్క మాట కూడా మెత్తబరచకుండా.

"నీ చేతుల్ని లాగింది షుగరు కాదు, కరెంటు. గీజరు ఇంకాస్త చెడి ఉంటే నువ్వు బయటికి నడిచి వచ్చేదానివి కాదు."

ఆమె తన అరచేతులను తిప్పి చూసుకుంది.

"ఇంక గీజరు వాడకుంటే సరిపోయ," అన్నాడు గుణశేఖర్. "ఫ్యూజు ఇటియ్యక్కా. ఆ మూల మాత్రం తవ్వేది లేదు. ఇంటి యజమానికి గండమని చెప్పినాడు."

"ఇంటి ఆడదానికి?" అని అడిగింది పంకజాక్షి. "ఆడదాని గండం గురించి ఏమన్నా చెప్పినాడా?"

"అట్ల కాదు పంకజా. సిద్ధాంతిని ఒక్క మాట అడిగి..."

"అడగండి."

ఆమె మెట్ల కిందకు వంగి గడ్డపార బయటికి లాగింది. తుండు జారి తడిజుట్టు భుజాల మీద పడింది. ముడి వేసుకోలేదు.

"మీరు అడగతా ఉండండి. అంతలోపల నేను తవ్వతా ఉంటా."

మొదటి దెబ్బకు టైలు పగలలేదు. గుణశేఖర్ ఫోను తీసి పట్టుకున్నాడు కానీ నంబరు నొక్కలేదు. రెండో దెబ్బకు పగిలింది. ఫ్యూజును నా సంచిలో వేసుకొని, నేను ఎలక్ట్రీషియనుకు ఫోన్ చేశాను.